పడవ ఇంజన్‌కి నీళ్ళ ఏర్పాటు: మంచి నెలని కాదు, గడ్డు నెలని చూసి తేల్చుకోండి



ఈ పోస్టు ముఖ్యంగా లంక భూములున్న వాళ్ళ కోసం. ఏరు దాటి సేద్యం చేసేవాడికి పడవ కూడా నాగలి లాంటిదే. ఎరువు బస్తాలు అటు వెళ్ళాలన్నా, అరటి గెలలు, కూరగాయలు, కొబ్బరికాయలు, పశువుల గడ్డి ఇటు రావాలన్నా అదే దిక్కు. కూలీలు ఎక్కేదీ దానిమీదే. వేసవిలో ఏరు తగ్గాక పడవ గట్టుకి లాగి బాగు చేయించుకుంటాం. ఇంజన్ కూడా అప్పుడే షెడ్డుకి వెళ్తుంది.

ఈ ఏడాది మా రేవులో రైతులం కలిసి పెట్టుకున్న పడవ ఇంజన్ని పూర్తిగా విప్పి చేయించాం. 10 హెచ్.పి. డీజిల్ ఇంజన్. లైనరు, పిస్టను, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవి. బండి బాగానే తయారైంది. ఇప్పుడు వచ్చిన గొడవల్లా ఒకటే. ఇంజన్ని చల్లబరచడానికి నీళ్ళు ఎలా పెట్టాలి? ఏట్లో నీళ్ళే తోడి లోపలికి పంపితే చాలదా అని కొందరు, కాదు ఇంకో ఏర్పాటు చెయ్యాలని కొందరు. మన రేవులోనే కాదు, చాలా రేవుల్లో ఇదే మాట నడుస్తోంది. అందుకే రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏట్లో నీరు ఏడాది మొత్తంలో ఎప్పుడు బాగా చెడ్డగా ఉంటుందో ఆ నెలని చూసి ఏర్పాటు ఎంచుకోవాలి. ఆ లెక్కన సముద్రపు పోటు తగిలే కింది లంకల్లో ఏటి నీరు ఇంజన్ లోపలికి పోకూడదు. లోపల మంచినీళ్ళే తిరగాలి. ఏరు ఆ నీళ్ళని బయట నుంచి చల్లబరచాలి. ఎందుకో వరసగా చెప్తాను.

పొలం ఇంజన్ అలవాటు

మనందరికీ ఈ ఇంజన్లు పొలం దగ్గర నుంచే పరిచయం. ఆయిల్ ఇంజన్‌తో నీళ్ళు తోడేటప్పుడు డెలివరీ పైపు నుంచి ఒక సన్న పైపు తీసి ఇంజన్‌కి తగిలిస్తాం. ఒకవైపు నుంచి చల్లటి నీళ్ళు వెళ్ళి రెండోవైపు నుంచి వేడిగా బోదెలో పడతాయి. ఖర్చు లేదు, తలనొప్పి లేదు. మెకానిక్‌కి కూడా అదే చెయ్యి తిరిగిన పని. కాబట్టి పడవకీ అదే పెట్టేద్దాం అంటాడు. అతని తప్పేమీ లేదు.

కానీ పొలంలో ఇంజన్ తాగేది బోరు నీళ్ళో, కాలువ నీళ్ళో. రాత్రి ఎలా ఉన్నాయో పొద్దున్నా అలాగే ఉంటాయి. ఏరు అలా కాదు. వరదలో ఒకలాగా, శీతాకాలంలో ఒకలాగా, ఎండల్లో ఇంకోలాగా ఉంటుంది. మన కింది పాయల్లో అయితే ఒక్కరోజులోనే పోటుకి ఒక నీరు, పాటుకి ఒక నీరు.

వేడి లెక్క

కాస్త లెక్క చెప్తాను, ఓపిగ్గా చదవండి. డీజిల్ కాలితే వచ్చే శక్తిలో సుమారు మూడో వంతు మాత్రమే పడవని నడుపుతుంది. ఇంకో మూడో వంతు సైలెన్సరు పొగలో పోతుంది. మిగతా మూడో వంతు, కాస్త అటూ ఇటూగా, ఇంజన్ ఒంటికి పడుతుంది. దాన్ని నీళ్ళు తీసుకుపోవాలి.

10 హెచ్.పి. ఇంజన్ ఫుల్ లోడు మీద గంటకి సుమారు 2 లీటర్ల డీజిల్ తాగుతుంది. ఒక్క లీటరు డీజిల్ వల్ల నీళ్ళకి ఎక్కే వేడి 100 లీటర్ల నీటిని 28 డిగ్రీల దాకా పెంచుతుంది. కాబట్టి లోపలికి వెళ్ళిన నీరు 20 డిగ్రీలు మాత్రమే వేడెక్కి బయటికి రావాలంటే నిమిషానికి సుమారు 5 లీటర్లు తిరుగుతుండాలి. 15 లీటర్ల బకెట్టు మూడు నిమిషాల్లో నిండాలి. ఏటి నీరు నేరుగా పెట్టిన పడవ ఉంటే, వేడినీళ్ళ పైపు కింద బకెట్టు పెట్టి సెల్‌ఫోన్‌లో టైము చూసుకోండి. అయిదు నిమిషాలు పట్టిందంటే లోపల ఎక్కడో పూడుకుపోతోందన్న మాట.

మన ఏటి నీరు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ధవళేశ్వరం దాటాక గోదారి గౌతమి, వశిష్ఠ అని చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయలన్నిట్లోనూ నీరు ఏడాదికి మూడు వేషాలు వేస్తుంది.

జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనీరు. చెంబుతో ముంచి కాసేపు అలా ఉంచితే అడుగున ఒండ్రు పేరుకుంటుంది. అదే ఒండ్రు ఇంజన్ లోపల, లైనరు చుట్టూ నీళ్ళు తిరిగే చోట కూడా పేరుకుంటుంది. నీళ్ళు మెల్లగా కదిలే మూలల్లో ముందు కూర్చుంటుంది. అక్కడ ఇనుము చల్లబడదు. బయటికొచ్చే నీళ్ళు మామూలుగానే ఉంటాయి, లోపల ఒక పక్క మాత్రం కాలిపోతూ ఉంటుంది.

వరద తీశాక శీతాకాలంలో నీరు తేటగా ఉంటుంది. ఈ నెలల్లో ఏ ఏర్పాటైనా పనిచేస్తుంది. "మేం ఇన్నాళ్ళూ నేరుగానే నడిపాం, ఏం కాలేదు" అనేవాళ్ళు ఎక్కువగా గుర్తుపెట్టుకునేది ఈ నెలల్నే.

ఎండలు ముదిరాక పైనుంచి వచ్చే నీరు తగ్గిపోతుంది. పోటు వచ్చినప్పుడు సముద్రపు నీరు పాయల్లోకి ఎక్కుతుంది. అంతర్వేది వైపు, ఓడలరేవు వైపు ఉన్నవాళ్ళకి ఇది కొత్త కాదు, కొబ్బరిచెట్టే చెప్తుంది. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన రేవులో అందులో సగం ఉందనుకోండి. నిమిషానికి 5 లీటర్ల లెక్కన గంటకి 300 లీటర్లు, అంటే 5 కేజీల ఉప్పు ఇంజన్ గుండా పోతుంది. అంతా లోపల ఉండిపోదు, నిజమే. కానీ నీరు బాగా వేడెక్కిన చోట గట్టి పొర కడుతుంది. వేన్నీళ్ళ బిందె అడుగున తెల్లగా కట్టినట్టే. ఆ పొర వేడిని బయటికి రానివ్వదు. దానికి తోడు ఉప్పు ఇనుముని తినేస్తుంది. ఇత్తడి, రాగి ముక్కలు ఇనుముకి ఆనుకుని ఉప్పునీటిలో ఉంటే ఇనుము ఇంకా తొందరగా పోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఉప్పు పొర కట్టకుండా ఉండాలంటే ఉప్పునీటితో నడిచే ఇంజన్ని 55, 60 డిగ్రీలు దాటకుండా చల్లగా నడపాలి. డీజిల్ ఇంజన్‌కి అది సరిపోదు. దానికి 75 నుంచి 85 డిగ్రీల మధ్య నీళ్ళు ఉంటేనే ఒళ్ళు కుదురుకుంటుంది. మరీ చల్లగా నడిస్తే డీజిల్ సరిగ్గా కాలదు. మసి కడుతుంది, కాలని డీజిల్ ఆయిల్లో కలుస్తుంది, రింగులు, లైనరు తొందరగా అరుగుతాయి. అంటే వేలకి వేలు పోసి వేయించిన కొత్త లైనరుని వేడితో కాకపోతే చలితో పాడు చేసుకుంటాం. రెండు వైపులా నష్టమే.

ఉన్న దారులు

మొదటిది, ఏటి నీరు నేరుగా. పైన చెప్పిందే. రావులపాలెం వైపు, ఇంకా పైన తియ్యనీరు ఉన్నచోట ఇది పెట్టుకోవచ్చు. కానీ జాలీ తప్పనిసరి. జాలీ తర్వాత ఒండ్రు దిగడానికి చిన్న డబ్బా లాంటిది ఉంటే ఇంకా మంచిది. వరద నెలల్లో వారానికోసారి శుభ్రం చేసుకోవాలి. రబ్బరు రెక్కల పంపు అయితే ఇసుకకి అరిగిపోతుంది, ఖాళీగా తిరిగితే నిమిషాల్లో కాలిపోతుంది. ఆ రబ్బరు ఇంపెల్లరు ఇంకోటి పడవలో ఎప్పుడూ ఉండాలి.

రెండోది, డ్రమ్ము. 200 లీటర్ల డ్రమ్ములో బోరునీళ్ళు పోసి, అవే నీళ్ళు ఇంజన్లోకి వెళ్ళి మళ్ళీ డ్రమ్ములోకి వచ్చేలా పెట్టడం. ఇందాకటి లెక్క ప్రకారం ఫుల్ లోడు మీద ఈ నీరు గంటకి 28 డిగ్రీలు పెరుగుతుంది. 30 దగ్గర మొదలైతే గంటకి 58, రెండు గంటలకి 86. డ్రమ్ము ఒంటి నుంచి కొంత వేడి గాలికి పోతుంది కాబట్టి నిజంగా ఇంకాస్త తక్కువే ఉంటుంది. పావుగంటలో ఏరు దాటి, ఇంజన్ ఆపేసి, పని చూసుకుని మళ్ళీ వచ్చేవాళ్ళకి ఇది చక్కగా సరిపోతుంది. చవక కూడా. కానీ ఆ నీళ్ళు 200 కేజీల బరువు, ముగ్గురు మనుషులంత. పంపు లేకుండా వేడినీరు దానంతటదే పైకెక్కి తిరగాలంటే డ్రమ్ము ఇంజన్ కంటే ఎత్తులో ఉండాలి. పడవలో అంత బరువు ఎత్తున పెడితే ఊగుతుంది, తిరగబడే ప్రమాదం ఉంది. కాబట్టి చిన్న పంపు పెట్టి డ్రమ్ముని అడుగున, నడిమధ్యన, కదలకుండా కట్టుకోవాలి. నీళ్ళు అటూ ఇటూ కొట్టుకోకుండా నిండుగా ఉంచాలి. వేడికి నీళ్ళు పొంగి, ఆవిరి పోవడానికి పైన సన్న దారి వదిలి మూత బిగించాలి.

మూడోది, పడవ అడుగున పైపు. ఇంజన్లో తిరిగిన మంచినీళ్ళు పడవ బయట, నీటి మట్టం కింద బిగించిన ఇనప పైపుల గుండా వెళ్ళి చల్లబడి తిరిగి వస్తాయి. ఏటి నీరు లోపలికి చుక్క కూడా పోదు. జాలీ పూడుకుపోవడం, ఇసుక, ఉప్పు పొర, ఏ గొడవా లేదు. ఇనప పడవ అయితే ఇంకా సులువు, అడుగు రేకుకే బయట చానల్ వెల్డింగ్ చేయిస్తే చాలు, రేకే చల్లబరుస్తుంది. దీనికీ చిక్కులున్నాయి. మేట మీద ఎక్కితే పైపుకి దెబ్బ తగులుతుంది. అందుకే అడుగు దుంగ కంటే కిందకి వేలాడకుండా పక్కన దాచి బిగించాలి. పైపు ఇసుకలో కూరుకుపోయి ఉండగా ఇంజన్ తిప్పుతూ కూర్చుంటే చల్లబడదు. పైపు మీద గుల్లలు పడతాయి, ఏటా గీకాలి. మందంగా రంగు పూస్తే వేడి బయటికి పోదు.

నాలుగోది, హీట్ ఎక్స్‌చేంజరు. ఒక గొట్టంలో సన్నటి గొట్టాలు ఉంటాయి. ఒకవైపు ఇంజన్ మంచినీళ్ళు, రెండోవైపు ఏటి నీరు. పెద్ద ఇంజన్లకి, సముద్రం మీదకి వెళ్ళే బోట్లకి ఇదే పద్ధతి. ఒండ్రు, ఉప్పు దాంట్లోనే ఆగిపోతాయి, విప్పి కడుక్కోవచ్చు. కానీ ఏటి నీటికి పంపు, జాలీ మళ్ళీ కావాల్సిందే. అంటే రెండు పంపులు. ఉప్పునీటిలో జింకు ముక్క పెట్టుకోవాలి, అది అరిగినప్పుడల్లా మార్చాలి. మన 10 హెచ్.పి. పడవకి ఇంత సరంజామా అక్కర్లేదని నా అభిప్రాయం.

గాలితో చల్లబడే ఇంజన్లూ ఉన్నాయి. చిన్న పడవకి కొత్తగా ఇంజన్ కొనేవాళ్ళు అది ఆలోచించుకోవచ్చు. కానీ మన మాట ఇప్పటికే బాగు చేయించుకున్న నీళ్ళ ఇంజన్ గురించి కదా.

నేను ఎలా తేలుస్తానంటే

రెండు ప్రశ్నలు వేసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో పోటు వేళకి మీ రేవులో నీరు నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉందా? మీ ఇంజన్ ఆపకుండా ఎంతసేపు నడుస్తుంది?

ఉప్పు లేదు అంటే, నేరుగా ఏటి నీరు పెట్టుకోండి, జాలీ శుభ్రం విషయంలో బద్ధకించకండి. ఉప్పు ఉంది, కానీ దాటడం పావుగంట, అరగంటే అంటే డ్రమ్ము చాలు. ఉప్పు ఉంది, పైగా లంక చుట్టూ రేవురేవునా ఆగుతూ సరుకు ఎక్కించుకుని గంటల తరబడి తిరగాలి అంటే అడుగు పైపే. కృష్ణా కింద నాగాయలంక వైపు లంకల వాళ్ళకి కూడా ఇదే లెక్క పనికొస్తుంది. మా పడవకి నేను అడుగు పైపే అంటున్నాను. కొబ్బరి, అరటి సీజన్లో అది ఒక్క దాటుడుతో ఆగదు కాబట్టి.

ఖర్చు మాట

"ఇప్పటికే బోలెడు పెట్టాం, మళ్ళీ ఇదెందుకు" అనే మాట నిజాయితీగా అడిగేదే. కలిసి పెట్టుకున్న పడవలో ఇంకా ఇబ్బంది. రింగులు, లైనరు అంటే అందరూ వాటా ఇస్తారు, ఎందుకంటే అవి పోతే ఇంజన్ నడవదు. నీళ్ళ ఏర్పాటు అనేసరికి, అది లేకపోయినా ఈరోజుకి నడుస్తోంది కదా అనిపిస్తుంది. కానీ రింగులు పోయింది దేనివల్ల? హెడ్ గాస్కెట్ కాలింది దేనివల్ల? ఇంజన్ విప్పినప్పుడు లైనరు చుట్టూ ఒండ్రూ, తుప్పూ కట్టి ఉంటే అందులోనే జవాబు ఉంది. ఆ జవాబు చూసి కూడా పాత పద్ధతే పెడితే, కొద్ది సీజన్లకి మళ్ళీ అదే షెడ్డు, అదే బిల్లు. కాబట్టి ఇంజన్ బాగు చేయించే ఎస్టిమేటులోనే నీళ్ళ ఏర్పాటు కూడా ఒక పద్దుగా రాయించండి. విడిగా తర్వాత చూద్దాం అంటే ఆ తర్వాత రాదు.

డబ్బు కంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. పడవలో వాటా ఉన్న మనం రోజూ దానిమీద ఉండం. ఉండేది సరంగు, కలుపుకి వెళ్ళే ఆడకూలీలు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి రోజుల్లో ఎవరూ పడవ తియ్యకూడదు, తియ్యనివ్వరు కూడా. కానీ 11.75 అడుగుల మొదటి హెచ్చరిక రాకముందే పాయల్లో లాగుడు ఎలా ఉంటుందో మనకి తెలుసు. ఎర్రనీటికి జాలీ పూడుకుపోయి, వేడెక్కి ఇంజన్ బిగుసుకుపోయేది సరిగ్గా ఆ రోజుల్లోనే. నడి ఏట్లో ఇంజన్ ఆగితే పడవ మన మాట వినదు. పంటకి బీమా, పశువుకి బీమా అని తిరిగే మనం ఈ ఒక్క పైపు దగ్గర పొదుపు చెయ్యడం నాకు నచ్చడంలేదు.

ఏ పద్ధతి పెట్టినా ఇవి మరిచిపోవద్దు

1. ఇంజన్ నుంచి నీళ్ళు బయటికొచ్చే చోట వేడి చూపించే మీటరు ఒకటి పెట్టించండి. చెయ్యి పెట్టి చూసే అలవాటు మానండి. చెయ్యి 60కే కాలుతుంది, 95కీ కాలుతుంది, తేడా చెప్పదు.

2. అడుగు పైపు పెట్టాక రేవులో కట్టేసి చూసి సరే అనుకోవద్దు. నిండా సరుకు వేసి, ఎదురు లాగుడులో గంట నడిపి మీటరు చూడండి. పెరిగిపోతూ ఉంటే పైపు పొడవు చాలలేదన్న మాట. 85 లోపు నిలబడితే సరిపోయినట్టు.

3. థర్మోస్టాట్ ఉన్న ఇంజన్లో దాన్ని పీకి పారెయ్యకండి. ఇంజన్ తొందరగా వేడి పట్టి, అక్కడే నిలబడడానికే అది ఉంది.

4. పడవ అడుగున బెజ్జం పెట్టిన ప్రతిచోటా గేటు వాల్వు ఉండాలి. హోసు పైపుకి రెండేసి క్లిప్పులు వెయ్యండి. హోసు ఊడితే ఇంజన్ సంగతి తర్వాత, పడవలోకి నీళ్ళు వచ్చేస్తాయి.

5. రోజూ ఆయిల్ పుల్ల తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపల నీళ్ళు కలుస్తున్నాయి. ఆ రోజు పడవ తియ్యొద్దు.

6. వేడెక్కిన ఇంజన్ మీద చల్లటి ఏటి నీరు పొయ్యకండి, హెడ్డు పగులుతుంది. నీళ్ళు తిరుగుతుంటే వేగం తగ్గించి దగ్గర గట్టుకి మళ్ళించండి. నీళ్ళు అసలు తిరగకపోతే ఇంజన్ ఆపి లంగరు వెయ్యండి. వేడి మీద మూత విప్పొద్దు, ఆవిరి మొహం మీద కొడుతుంది.

7. కొత్త రింగులు వేసిన ఇంజన్ని మొదటి 40, 50 గంటలు నిండు బరువుతో బాదకండి. రెండో అంశంలో చెప్పిన పరీక్ష ఆ తర్వాతే. ఈలోగా రోజూ మీటరు మీద కన్నేసి ఉంచండి.

8. ఎంత మంచి ఇంజనైనా తెడ్లు, గడ, లంగరు, తాడు, లైఫ్ జాకెట్లు పడవలోనే ఉండాలి. ఇంట్లో ఉంటే లేనట్టే.

జూన్ రాకముందే మీ రేవు వాళ్ళంతా ఒకసారి కూర్చోండి. సరంగుని కూడా పిలవండి. వాటా లేకపోయినా ఆ ఇంజన్ పక్కన రోజంతా కూర్చునేది అతనే, అతని మాటకి విలువ ఇవ్వండి. మీ ఏట్లో ఏ నెలలో నీరు ఎలా ఉంటుందో ఒక కాయితం మీద రాసుకుని, ఆ గడ్డు నెలకి ఏది నిలబడుతుందో అదే పెట్టించండి. ఎర్రనీరు వచ్చాక పడవని మళ్ళీ గట్టుకి లాగడం ఎవరి వల్లా కాదు.

ఉంటానండి.